ఊపిరి రిజిస్టరు

భర్త చావుకి కారణం రాసే గడిలో అబద్ధం రాసింది ఆమె చెయ్యే.

డాక్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆమె ముఖంలోకి చూడకుండా, "క్షయ అని రాయమ్మా" అన్నాడు. భర్త పోయి అప్పటికి మూడు వారాలు. కఫం పరీక్ష రెండుసార్లు చేయిస్తే రెండుసార్లూ క్షయ లేదనే వచ్చింది. ఆ కాగితాలు ఫైల్లో పెట్టింది కూడా ఆమే. అయినా రాసింది. గీత దాటకుండా, గుండ్రంగా రాసింది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, బడికెళ్ళే కూతురు. రాళ్ళు పొడి చేసే ఆ మిల్లులోనే భర్త పనిచేసి పోయాడు, మిల్లు డిస్పెన్సరీలో తన ఉద్యోగం కూడా పోతే పొయ్యి వెలగదు. సిరా ఆరేదాకా ఊది, రిజిస్టరు మూసి, బీరువాలో పెట్టింది. ఆ రోజు కూడా మామూలు టైముకే ఇంటికెళ్ళింది.

క్షయ అయితే ఎవరి తప్పూ కాదు. రాతిపొడి వల్ల పోతే మిల్లు తప్పు, మిల్లు పరిహారం కట్టాలి. ఆ ఒక్క మాటలో ఉన్న తేడా అది. అందుకే ఆ మిల్లులో పోయినవాళ్ళందరూ క్షయతోనే పోయారు. ఒక్క మిల్లుకి ఇంత క్షయ ఎక్కడినుంచి వచ్చిందని అడిగిన అధికారి ఒక్కడూ లేడు.

అందరూ ఆమెను రిజిస్టరమ్మ అనేవాళ్ళు. జీతాల పట్టీలో మాత్రం స్వీపరు. చేరింది ఊడవడానికే. కంపౌండరు రాత కోడి గీకినట్టు ఉండేది. ఒకసారి తనిఖీకి వచ్చినవాళ్ళు చదవలేక విసుక్కున్నారు. మర్నాటినుంచి రాయడం ఆమె వంతు, కింద సంతకం పెట్టడం అతని వంతు. పొద్దున్నే వచ్చి గది ఊడ్చి, చేతులు కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని, రిజిస్టరు తెరిచేది. పదిహేడేళ్ళు అలాగే గడిచాయి. హోదా మార్చమని ఒకే ఒక్కసారి అడిగింది. "రాసేది రాస్తున్నావు కదా, ఇంకా ఏం కావాలి?" అన్నాడు మేనేజరు. ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

ఆమె రాసిన వాటిలో అన్నిటికన్నా లావుగా ఉండేది ఊపిరి రిజిస్టరు. నెలకోసారి ప్రతి కార్మికుడూ వచ్చి ఒక గొట్టంలోకి గట్టిగా ఊదాలి. గొట్టం మీదున్న ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఆ అంకె రాయాలి, మనిషికి ఏడాదికో పేజీ. చట్టం రాయమంది కాబట్టి రాయించేవాళ్ళు. రాసినదాన్ని చూడమని చట్టం చెప్పలేదు కాబట్టి ఎవరూ చూసేవాళ్ళు కాదు. చూసింది ఆమె ఒక్కతే. బస్తాలు మోసే కుర్రాడు చేరినప్పుడు ఐదువందల యాభై ఊదేవాడు, నాలుగేళ్ళకి మూడువందలు దాటలేకపోయేవాడు. జల్లెడ దగ్గర పనిచేసే ఆడవాళ్ళయితే ఊది ఊది తల తిరిగి బల్ల పట్టుకునేవాళ్ళు. ఆమె భర్తది ఐదువందల పదితో మొదలై నూట అరవై దగ్గర ఆగిపోయింది. ఆ అంకెలు ఆమెకి కూతురి పుట్టినరోజు గుర్తున్నట్టే గుర్తున్నాయి.

క్షయ అయితే మనిషి మందులకి కోలుకుంటాడు, అంకె మళ్ళీ కాస్త పెరుగుతుంది. ఇక్కడ ఒక్క మనిషిదీ పెరగలేదు. చావుల రిజిస్టరులో తను రాసిన అబద్ధాన్ని కొట్టిపారేసే నిజం కూడా ఆమె రాసిందే, అదే బీరువాలో, కింది అరలో ఉంది.

మిల్లు మూతపడ్డాక ఆ నిజానికి విలువ వచ్చింది. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు, ఇంకా దగ్గుతూ బతికున్నవాళ్ళు కలిసి పెట్టుకున్న అర్జీ ఐదేళ్ళు తిరిగి తిరిగి విచారణకి వచ్చింది. రెండువందల పన్నెండు మంది. ఆధారాలు కంప్యూటర్లో పంపాలన్నారు. ఫోనులో తీసిన ఫోటోలు కుదరవన్నారు. కొందరు పంపిస్తే నీడలు పడ్డాయని, అంచులు తెగాయని వెనక్కొచ్చాయి. పూర్తి పేజీ, స్కానరు మీద తీసినదే కావాలి. గడువు పది రోజులు. ఈలోగా మిల్లు స్థలం అమ్ముడుపోయిందని, శనివారం లారీ వచ్చి పాత కాగితాలన్నీ గుజ్జు చేసే ఫ్యాక్టరీకి తీసుకుపోతుందని గేటు దగ్గర తెలిసింది.

ఆ గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన్ని అందరూ గేటు తాత అంటారు. అతనిదీ మిల్లు పొడి తెచ్చిన దగ్గే. "లోపలికెళ్ళి చూసుకో తల్లీ, కరెంటు కూడా ఇంకా తియ్యలేదు," అన్నాడు. "కాగితం ముక్క మాత్రం బయటికి పోకూడదు. అట్టల మీద నంబర్లేసి లిస్టు రాసుకుపోయారు. ఒక్కటి తగ్గినా నా బువ్వ పోతుంది." ఆమె మాటిచ్చింది. పదిహేడేళ్ళు కాగితాలు కాపాడినదానికి మాట తప్పడం చేతకాదు. అందుకే కాగితాల దగ్గరికే కంప్యూటరు రావాలి.

కంప్యూటరు తెచ్చింది ఆమె ఆడపడుచు. ఒక బడిలో కంప్యూటరు గది చూసుకుంటుంది. బడివాళ్ళు పనికిరాదని మూలన పడేసిన డబ్బాలో లైనక్స్ వేసి, సొంతానికి వాడుకుంటోంది. స్కానరు కూడా ఆ మూలదే, మూత బీటవారింది. సోమవారం పొద్దున తోపుడుబండి మీద దుప్పట్లో చుట్టి రెండూ తెచ్చింది.

"లైనక్స్ అంటే ఏంటమ్మా, జబ్బు పేరా?" అన్నాడు గేటు తాత.

"జబ్బు కాదు తాతా. ఊరికే దొరికే కంప్యూటరు బుర్ర. పాత డబ్బాకి కొత్త బుర్ర పెట్టాను."

"నాక్కూడా ఒకటి పెట్టకూడదూ?"

"నీ డబ్బా మరీ పాతది తాతా."

రికార్డు గదిలో బల్ల మీద అన్నీ సర్దారు. స్కానరుతో వచ్చిన సీడీ వేరే కంప్యూటర్లకే పనికొస్తుంది. ఆడపడుచు ఆజ్ఞలు టైపు చేసే నల్లటి తెర తెరిచి ఏదో కొట్టింది. స్కానర్లేవీ దొరకలేదని జవాబు. తీగ మార్చింది. వెనకవైపు రంధ్రంలో పెట్టింది. మళ్ళీ అదే జవాబు. ఇంకేదో కొడితే తగిలించిన వస్తువుల పట్టీ వచ్చింది. అందులో స్కానరు పేరుంది.

"చూశావా వదినా, ఇంట్లో మనిషున్నాడు. తలుపే తియ్యడం లేదు."

"అప్పులవాళ్ళమనుకున్నాడేమో."

మధ్యాహ్నం దాకా అదే తంతు. తెచ్చుకున్న అన్నం ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు. ఆడపడుచు తింటూనే ఎడమచేత్తో కొడుతోంది. ఉన్నట్టుండి స్కానరు కుయ్యిమంది. లోపల దీపం ఒకసారి అటూ ఇటూ నడిచి ఆగింది.

"పలికింది," అంది ఆడపడుచు. వెంటనే ముఖం ముడుచుకుంది. "కాదు వదినా. పెద్ద అధికారం వాడి అడిగితే పలుకుతోంది. మామూలు మనిషి అడిగితే లేనే లేనంటోంది."

"అయితే మన మిల్లులోనే తయారై ఉంటుంది," అంది రిజిస్టరమ్మ.

ఇద్దరూ నవ్వారు. ఆ గదిలో అన్నేళ్ళలో అంత గట్టిగా ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆగాక ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "అన్నయ్యుంటే ఈ మాటని ఊరంతా తిప్పి చెప్పేవాడు," అంది.

స్కానరు వాడుకునే అనుమతి ఉన్నవాళ్ళ గుంపొకటి ఆ కంప్యూటర్లో ఉంటుంది. రిజిస్టరమ్మ కోసం తెరిచిన ఖాతాని అందులో చేర్చాలి. చేర్చింది. అయినా పలకలేదు. చేర్చాక ఆ ఖాతాలోంచి ఒకసారి బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళాలన్న సంగతి ఆడపడుచుకి గుర్తురాలేదు. రెండు గంటలు తల బాదుకుంది. చివరికి విసుగొచ్చి బయటికొచ్చి మళ్ళీ వెళ్తే, అంతసేపూ మొరాయించినది మారుమాట లేకుండా పలికింది. మొదటి పేజీ తెర మీదికొచ్చింది. రిజిస్టరమ్మ తన చేతిరాతని అలా వెలుగుతూ ఎన్నడూ చూడలేదు. కంపౌండరు సంతకం కూడా వెలుగుతోంది. ఆమె ఆ సంతకాన్ని వేలితో మూసి, పైన ఉన్న అంకెల్నే చూసింది.

అప్పటికి సాయంత్రం అయిపోయింది. మర్నాటినుంచి శుక్రవారం దాకా బడిలో పరీక్షలు, ఆడపడుచుకి సెలవు దొరకదు. గబగబా నాలుగు వరుసలు రాసి, ఒక మీట నొక్కితే ఒక పేజీ తీసేలా అమర్చింది. పేజీ తీశాక తెర మీద అంకె పడుతుంది, ఒకటి, రెండు, మూడు. తీసిన పేజీల బొమ్మలు ఎక్కడ పడాలో రాసేచోట, పొద్దుటినుంచీ పరీక్షించి చూసుకుంటున్న తాత్కాలికం ఫోల్డరు పేరే ఉంచేసింది. పని అవనీ, తర్వాత మారుద్దాం అనుకుంది. తర్వాత మర్చిపోయింది.

"నువ్వు చెయ్యాల్సింది ఏం లేదు వదినా. పేజీ పెట్టు, మూత వెయ్యి, మీట నొక్కు, అంకె చూడు. శుక్రవారం వచ్చి అన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తాను. మౌసుని అలా చీపురు పట్టుకున్నట్టు పట్టుకోకు, కరవదు."

"కరిస్తే మందు మన దగ్గరే ఉందిలే."

మంగళవారం మూడువందల ఇరవై ఆరు పేజీలయ్యాయి. రిజిస్టరమ్మ రాసిన క్రమంలోనే తీసింది, మొదటి ఏడాది నుంచి. భర్త పేజీలు ముందు తీసుకోవచ్చు. తీసుకోలేదు. వరుస తప్పించడం ఆమెకి మనిషిని తోసుకుని ముందుకెళ్ళినట్టు ఉంటుంది. సాయంత్రం కంప్యూటరు ఆపి, గోడ మీద స్విచ్చు కట్టేసి, తాళం వేసింది. గది వదిలే ముందు కరెంటు ఆపాలన్నది డిస్పెన్సరీ మొదటి రూలు. ఆ రూలు మీద ఆమెను పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ మాట అనలేదు.

బుధవారం పొద్దున మొదటి పేజీ తియ్యగానే తెర మీద ఒకటి పడింది. నిన్న మూడువందల ఇరవై ఆరు దగ్గర ఆగింది, ఇవాళ ఒకటి.

ఆమెకది వింతగా అనిపించలేదు. డిస్పెన్సరీలో ఎప్పుడూ అంతే. సాయంత్రం ఆఖరి రోగి నంబరు ఎంతైనా, మర్నాడు తలుపు తియ్యగానే తేదీ వేసి, గీత కొట్టి, మళ్ళీ ఒకటి. పదిహేడేళ్ళుగా ఆమె చెయ్యి చేసింది అదే. ఈ యంత్రానికి కూడా పద్ధతి తెలుసనుకుని లోలోపల మెచ్చుకుంది.

భర్త పేజీలు బుధవారం వచ్చాయి, ఒక్కో ఏడాది రిజిస్టరులో ఒకటి చొప్పున. ఐదువందల పది. నాలుగువందల తొంభై. ఒక చోట రెండు నెలలు ఖాళీ. జ్వరమని మంచం పట్టిన నెలలవి. ఆ తర్వాత మూడువందల ఇరవై. ఒక్కో పేజీ అద్దం మీద బోర్లా పెడుతూ, మూత మెల్లిగా వేసింది. నూట అరవై ఉన్న పేజీ పెట్టినప్పుడు మీట నొక్కడానికి చాలాసేపు పట్టింది. దీపం దాని కింద నడుస్తుంటే, మూత బీటలోంచి వెలుగు ఆమె వేళ్ళ మీద పడింది. తెర మీద రెండువందల నాలుగు అని పడింది. అయ్యింది అనుకుంది. ఇన్నేళ్ళకి తన చెయ్యి రాసిన తప్పుని తన చెయ్యే దిద్దింది అనుకుంది. ఆ పూట గేటు తాతతో, "మా ఆయనది ఎక్కింది తాతా," అని చెప్పింది. గురువారం మరో మూడువందల పది పేజీలయ్యాయి. ఇక ఒక్క రిజిస్టరు మిగిలింది, మిల్లు నడిచిన ఆఖరి సంవత్సరానిది.

శనివారం రావాల్సిన లారీ శుక్రవారం మధ్యాహ్నమే వచ్చింది. వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. "ఇంకో గంట ఆగండయ్యా" అంటే, "సాయంత్రం లోపల అక్కడ దింపకపోతే మాకు రేపటి పనివ్వరమ్మా" అన్నారు. నలభై ఒకటో పేజీ తియ్యడం అయ్యాక, ఆ రిజిస్టరుని ఆమే మూసి ఇచ్చింది. ఆఖరి రిజిస్టరులో సగమన్నా దక్కిందనుకుంది. పాతవన్నీ లోపలే భద్రంగా ఉన్నాయి కదా. అట్టల నంబర్లు లిస్టుతో సరిపోయాయి. గేటు తాత సంతకం పెట్టాడు. లారీ వెళ్ళిపోయింది.

ఆడపడుచు నాలుగు గంటలకి వచ్చింది. పెన్‌డ్రైవు గుచ్చి, ఫోల్డరు తెరిచింది. రెండుసార్లు పైకీ కిందికీ జరిపి చూసింది.

"వదినా, నలభై ఒకటే ఉన్నాయి."

"అవి ఇవాల్టివి. మిగతావి పాత తేదీల్లో ఉంటాయి చూడు."

ఆడపడుచు వెతికింది. నల్లటి తెర తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"నువ్వు రోజూ కంప్యూటరు ఆపేశావా?"

"ఆపకుండా ఎలా వెళ్తాను?"

అప్పుడు ఆడపడుచు చెప్పింది. ఆ ఫోల్డరులో పడ్డవి కంప్యూటరు నడుస్తున్నంతసేపే ఉంటాయి. ఆపగానే అన్నీ పోతాయి. మళ్ళీ వెలిగేసరికి గది ఖాళీ. ఎక్కడా జాడ మిగలదు, తిరిగి తెచ్చే దారి లేదు. రిజిస్టరమ్మ అంతా విని, "రోజూ ఒకటి నుంచే మొదలయ్యేది," అంది. "నేను మామూలే అనుకున్నాను."

"నీ తప్పు కాదు వదినా. ఆ పేరు మార్చాల్సింది నేను. మర్చిపోయాను. అన్నయ్యని మళ్ళీ చంపాను."

"నోరుముయ్యి. చంపినవాళ్ళు వేరే ఉన్నారు."

అంత మాటన్నది గానీ, ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఆడపడుచుతో మాట్లాడలేకపోయింది. కోపం కాదది. నోరు తెరిస్తే కోపంలాంటిదేదో వచ్చేస్తుందని భయం. ఆ సాయంత్రం మాత్రం లేచి, ఇద్దరూ కలిసి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళారు. అక్కడి గేటు మనిషి లోపలికెళ్ళి కనుక్కుని వచ్చాడు. "మీ మిల్లువి ఇందాకే తొట్లో వేశారమ్మా, తడిసిపోయాయి," అన్నాడు. అక్కడున్న బల్ల మీద కాసేపు కూర్చోమన్నాడు. మంచినీళ్ళిచ్చాడు.

ఆ రాత్రీ మర్నాడూ ఏం జరిగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పొద్దున తలారా స్నానం చేసి, బతికిన నలభై ఒక్క పేజీల్లోని కార్మికుల టోకెన్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఆ ఇళ్ళకి తిరిగింది. మిగతా ఇళ్ళకి కూడా తిరిగింది. అదే కష్టమైంది. జల్లెడ దగ్గర పనిచేసి పోయిన ఆడమనిషి భర్త, గుమ్మంలో నిలబడి వింటూ, "దానిది దొరకలేదా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి కూడా ఆమె, "దొరకలేదన్నయ్యా, నా చేతిలోనే పోయింది," అంది. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకోలేదు. అలాగే నిలబడ్డాడు. తలుపు వేసుకుంటే బాగుండుననిపించింది ఆమెకి.

విచారణ గదిలో అధికారి మర్యాదగానే మాట్లాడాడు. నలభై ఒక్క పేజీలూ చూశాడు, పనికొస్తాయన్నాడు. ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్ళు కాబట్టి వాళ్ళలో ఎక్కువమంది బతికే ఉన్నారు. తక్కిన నూట డెబ్భై ఒక్క మంది సంగతేమిటన్నాడు.

"నాకు గుర్తున్నాయండి," అంది రిజిస్టరమ్మ. "చెప్పమంటారా?"

ఆయన వద్దనలేదు. ఆమె భర్త టోకెన్ నంబరు చెప్పి మొదలుపెట్టింది. ఐదువందల పది, నాలుగువందల తొంభై, నాలుగువందల అరవై. నెల, సంవత్సరం, అంకె. మిల్లు తరఫు వకీలు కూడా ఫోను బోర్లా పెట్టాడు. మూడువందల ఇరవై దగ్గరికి వచ్చేసరికి అధికారి కలం కింద పెట్టాడు.

"మీరు చెప్పేది నిజమేనని నాకు తెలుస్తోందమ్మా. కానీ నోటిమాట మీద నేను ఆర్డరు రాయలేను. మీరు జీతాల పట్టీలో స్వీపరు. రాసింది మీరని కూడా ఎక్కడా లేదు. సంతకం కంపౌండరుది."

కంపౌండరు రెండేళ్ళ కిందట పోయాడు. రిజిస్టరమ్మ ఇంకా చెప్పాల్సిన అంకెలు నోట్లోనే ఉంచుకుని కూర్చుంది.

నూట డెబ్భై ఒక్క అర్జీలు ఆధారం లేదని కొట్టేశారు. వాటిలో ఆమెదీ ఒకటి. ఆడపడుచు ఇప్పుడు వస్తూపోతూ ఉంటుంది. వదినకి ఆ కంప్యూటరే ఇచ్చేసింది. రిజిస్టరమ్మ దాన్ని ఆన్ చెయ్యదు. దుప్పటి కప్పి ఉంచింది.

ఇది చదువుతున్న మీకు ఒక్క మాట. మీ దగ్గర్లో ఏ మిల్లో, క్వారీయో, ఫ్యాక్టరీయో మూతపడుతోందని వింటే, స్థలం ఎవరు కొంటున్నారన్నది తర్వాత కనుక్కోవచ్చు. ముందు డిస్పెన్సరీ రిజిస్టర్లు ఎక్కడికి పోతున్నాయో అడగండి. కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టి అడగండి. అవి ప్రభుత్వ కార్యాలయానికి చేరేదాకా ఏ లారీ గేటు దాటకూడదని అర్జీ పెట్టండి. మీరు పనిచేసేచోట మీ చేత ఏ గొట్టంలోనైనా ఊదిస్తే, ఆ అంకెకి నకలు ఇమ్మనండి, ఇవ్వకపోతే మీరే తేదీతో రాసుకుని ఇంకొకరి చేత సంతకం పెట్టించుకోండి. రాసే మనిషి ఎవరో ఆ మనిషి పేరే పట్టీలో ఉండాలని పట్టుబట్టండి. కంప్యూటరు పని వచ్చినవాళ్ళయితే, ఇలాంటి ఆడమనిషి ఒక్కతే బల్ల ముందు కూర్చుని పేజీలు తీస్తోందని తెలిస్తే, ఒక పూట వెళ్ళి పక్కన కూర్చోండి. సాయంత్రం ఆపేముందు తీసినవన్నీ ఆమె ముందే తెరిచి చూపించండి. రెండోచోట దాచిపెట్టాకే లేవండి.